పరిశోధన, ప్రకటన, బాధ్యత

పరిశోధన చేయడం వేరు, దానిని ప్రకటించడం వేరు. పరిశోధన సాగుతున్నంతకాలం మనిషి తన గదిలో, తన కాగితాల మధ్య ఉంటాడు. పొరపడితే దిద్దుకోవచ్చు, ఇవాళ రాసింది రేపు కొట్టివేయవచ్చు. ఆ తప్పువల్ల నష్టపోయేది అతనొక్కడే. ప్రకటించిన మరుక్షణం పరిస్థితి మారిపోతుంది. ఆ మాటను నమ్మి మరొకడు తన వాదానికి పునాదిగా వేసుకుంటాడు. అధ్యాపకుడు దాన్ని తరగతిలో చెబుతాడు. విద్యార్థి పరీక్షలో రాస్తాడు. ఎవరిని గురించి ఆ మాట రాశారో వాళ్లు దాన్ని మోస్తూ బతకవలసివస్తుంది. కనుక ప్రకటన అనేది విద్యావిషయకమైన పని మాత్రమే కాదు, సామాజికమైన పని కూడాను. సామాజికమైన ప్రతి పనికీ జవాబుదారీ ఉండాలి.

అయితే పరిశోధకుని నైతిక బాధ్యతను గురించి మన విశ్వవిద్యాలయాల్లో జరిగే చర్చ ఇంచుమించు ఒకే ఒక ప్రశ్న చుట్టూ తిరుగుతోంది: ఇతరుల రాతను దొంగిలించాడా, లేదా? 2018లో విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘం ఈ దొంగతనాన్ని అరికట్టడానికి నిబంధనలు చేసింది. ఇతరుల రాతతో పోలిక నూటికి పది వరకూ ఉంటే శిక్ష లేదు. పది దాటి నలభై వరకూ ఉంటే సిద్ధాంత వ్యాసాన్ని ఆరు నెలలకు మించని గడువులో సవరించి మళ్లీ సమర్పించాలి. నలభై దాటి అరవై వరకూ అయితే ఏడాదిపాటు సమర్పించడానికి వీల్లేదు. అరవై దాటితే నమోదే రద్దవుతుంది.

ఒకరి సిద్ధాంత వ్యాసానికి అట్టా, పేరూ మార్చి మరొకరు పట్టం పుచ్చుకున్న కథలు విన్నవాణ్ని గనుక ఈ నిబంధనలను నేను ఎగతాళి చేయను. కాని ఈ లెక్కలో ఒక విశేషం ఉన్నది. యంత్రం అచ్చయిన మాటను అచ్చయిన మాటతోనే పోల్చగలదు. ఎన్నడూ అచ్చు మొగం చూడని గొంతునుంచి తీసుకున్నదాన్ని అది పట్టుకోలేదు. అంటే, తోటి అధ్యాపకుని పేజీ ఎత్తి రాసుకుంటే దొంగతనం. చదువురాని మనిషి జీవితమంతా కూడబెట్టిన విద్యను ఎత్తి రాసుకుంటే అది స్వతంత్ర పరిశోధన! పోలిక నూటికి సున్నా!

ఇది ఊహించి చెబుతున్న మాట కాదు. ఈ పని నేనే చేశాను. అంచేత ఆ సంగతితోనే మొదలుపెడతాను.

పిహెచ్.డి. చేస్తున్న రోజుల్లో ఉడుపు పాటలు సేకరించడానికి శ్రీకాకుళం జిల్లాలో ఒక ఊరికి వెళ్లేవాణ్ని. ఆ ఊళ్లో ఒక వృద్ధురాలు నాకు నలభైకి పైగా పాటలు పాడి వినిపించింది. పొలంలో పని ముగించుకుని, వంట చేసుకుని, రాత్రి నిద్ర మానుకుని పాడింది. అందులో పన్నెండు పాటలతో ఒక వ్యాసం రాసి పత్రికలో ప్రకటించాను. ఆమెను అందులో 'అరవై ఏళ్ల వ్యవసాయ కార్మికురాలు' అని పేర్కొన్నాను. పేరు రాయలేదు. ఎందుకు రాయలేదని అప్పుడు ఎవరైనా అడిగితే, శాస్త్రీయ పద్ధతి అని జవాబు చెప్పి ఉండేవాణ్ని. నిజానికి ఆమెకు పేరుండవలసిన అవసరం నాకు తోచలేదు. అదే వ్యాసంలో నేను ఉదహరించిన ప్రతి ఆచార్యుని పేరూ, ఇంటిపేరుతో సహా, తప్పు లేకుండా ఉన్నది.

ఇంతకంటే పెద్ద తప్పు మరొకటి చేశాను. ఒక పాటలో ఆమె 'పొలిగింజలు' అని పాడింది. నాకు అర్థం కాలేదు. నిఘంటువు చూస్తే పొలికి బలి అన్న అర్థం కనిపించింది. పాటలో బలి ప్రసక్తి లేదు. అంచేత నోటి వాడుకలో మాట చెడి ఉంటుందని నిశ్చయించి, ఒత్వం తీసి దీర్ఘం పెట్టాను: 'పాలిగింజలు'. పాలు అంటే వాటా కదా! ఇంకేం, ఉడుపు చేసే కూలి తనకు రావలసిన వాటాను పాటలో హక్కుగా అడుగుతున్నదని, ఇది శ్రామికుల్లో అంకురిస్తున్న వర్గచైతన్యానికి నిదర్శనమని రెండు పేజీలు రాశాను. వ్యాసం మొత్తంమీద అందరూ మెచ్చుకున్నవి ఆ రెండు పేజీలే.

మూడేళ్ల తరువాత ఆ పత్రిక ప్రతి పట్టుకుని ఆ ఊరికి వెళ్లాను. ఆమె మనవడు అప్పటికి డిగ్రీ చదువుతున్నాడు. అరుగుమీద కూర్చుని మామ్మకు పాటలన్నీ చదివి వినిపించాడు. ఆమె తన పాట తానే కొత్తగా వింటున్నట్టు తల పంకిస్తూ వింటోంది. ఆ మాట దగ్గరికి వచ్చేసరికి ఆపింది.

"ఏటి సదివినావురా?"

"పాలిగింజలు అని ఉంది మామ్మా."

ఆమె నావైపు తిరిగింది. "పాలి కాదు బాబూ, పొలి. కల్లంలో రాసి కాడ మొదటి కుంచం ఎత్తినప్పుడు పొలి అని కేకేత్తారు. పాలంతే మనిసి అడిగీది. పొలంతే బూమి ఎట్టీది. రెండూ ఒకటెలాగవుతాది?"

నేను జవాబు చెప్పలేకపోయాను. ఇంతలో ఆ కుర్రవాడు పేజీలు వెనక్కీ ముందుకీ తిప్పి, "మామ్మ పేరు ఎక్కడుంది సార్?" అని అడిగాడు. అరవై ఏళ్ల వ్యవసాయ కార్మికురాలు అన్న మాట చూపించాను. "అలాంటోళ్లు మా ఊళ్లో నలభైమంది ఉన్నారు సార్" అన్నాడు. అతను ఎత్తిపొడవలేదు, ఉన్న సంగతి చెప్పాడు. అందుకే ఆ మాట నన్ను ఇప్పటికీ వదలలేదు.

ఇది ఒక వ్యక్తి అజాగ్రత్తగా కొట్టిపారేయవచ్చునా? వీల్లేదని నా అభిప్రాయం. నేను చేసిన రెండు తప్పులకూ మన విద్యారంగంలో చాలా పాత చరిత్ర ఉన్నది. ఒకటి, మూలమైన మనిషిని మరుగుపరచడం. రెండు, మూలమైన మాటను చెప్పకుండా మార్చడం.

మొదటిదానికి కావలి సోదరుల కథకంటే మంచి ఉదాహరణ లేదు. మనం ఇవాళ 'మెకంజీ కైఫీయత్తులు' అని పిలుచుకుంటున్న సంపద వెనక కావలి వెంకట బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి అనే తెలుగువాళ్ల శ్రమ ఉన్నది. ఊరూరికీ మనుషులను పంపి శాసనాలు, స్థానిక చరిత్రలు రాబట్టే పద్ధతిని రూపొందించడంలో వాళ్లు ముఖ్యులు. కాలిన్ మెకంజీకి మన భాషలు రావు. 1803లో యువకుడుగానే చనిపోయిన బొర్రయ్యే తనకు భారతీయ విజ్ఞానపు వాకిలి చూపించాడని మెకంజీ 1817లో రాసిన ఉత్తరంలో ఒప్పుకున్నాడు. అది అతని సంస్కారం. కాని 1821లో మెకంజీ చనిపోయాక ఆ పనిని కొనసాగించడానికి అనుమతించమని లక్ష్మయ్య కోరినప్పుడు ఏమయింది? 1836లో జేమ్స్ ప్రిన్సెప్ ఆ అభ్యర్థనను పరిశీలించి, అంతటి పనికి భారతీయుడెవడూ చాలడని తేల్చాడు. ఆ పనిని దాదాపు నలభై ఏళ్లుగా చేస్తున్న మనిషిని ఆ పనికి అనర్హుడన్నారన్నమాట!

దొర అలా అన్నాడని మనం సులభంగా ఆగ్రహించవచ్చు. కాని దొరలు పోయి ఎన్నేళ్లయింది? ఈనాటికీ ఆ సేకరణను మనం ఎవరి పేరుతో పిలుస్తున్నాం? 1829లో వేమన పద్యాలను అచ్చు వేయించిన బ్రౌన్‌కు మనం ఋణపడి ఉన్నాం, సందేహం లేదు. అతను కడపలో సొంత డబ్బుతో పండితులను పోషించి గ్రంథాలు పరిష్కరింపజేశాడు. ఆ పండితుల పేర్లు నాలుగు చెప్పమని మన తెలుగు ఎం.ఏ. విద్యార్థులను అడిగి చూడండి. విద్యార్థులదాకా ఎందుకు, అధ్యాపకులమైన మనమే ఎంతమందిమి చెప్పగలం?

ఇక్కడ కులాన్ని, వర్గాన్ని తప్పించుకుని ముందుకు పోవడం సాధ్యం కాదు. బొర్రయ్య, లక్ష్మయ్య చదువుకున్నవాళ్లు గనుక కనీసం పరిశోధకుల గ్రంథాల్లోనైనా వాళ్ల పేర్లు మిగిలాయి. వాళ్లకు ఊరి సంగతులు చెప్పిన రైతుల, పూజారుల, ముసలివాళ్ల పేర్లు ఎన్ని మిగిలాయి? మన జానపద సాహిత్య సంకలనాల్లో సేకర్త పేరు అట్టమీద పెద్ద అక్షరాల్లో ఉంటుంది. పాడినవాళ్ల పేర్లు చాలావాటిలో లోపల చిన్న అక్షరాల్లో కూడా ఉండవు. 'ప్రజాసాహిత్యానికి కర్త ఉండడు' అన్న సూత్రం మనకు ఇక్కడ బాగా ఉపకరించింది. పాటను మొదట కట్టింది ఎవరో తెలియకపోవచ్చు. కాని మన ముందు కూర్చుని, తన జ్ఞాపకంతో, తన గొంతుతో, తన తరహాలో దానికి రూపం ఇచ్చిన మనిషి ఎవరో తెలుసు కదా! తెలిసీ రాయకపోవడానికి ఆ సూత్రం సాకు కాదు. జీన్ రోగైర్ అనే అమెరికన్ పరిశోధకుడు 1982లో పల్నాటి వీరుల కథమీద గ్రంథం ప్రకటించినప్పుడు, తాను అనువదించిన కథ అలిసెట్టి గాలెయ్య పాడినదని పేరు పెట్టి చెప్పాడు. ఆ కథను పాడినవాడు మాల కులస్థుడు. ఎక్కడినుంచో వచ్చినవాడు చేయగలిగిన పని పక్క వీధిలో ఉన్నవాళ్లం చేయలేకపోతే, లోపం పద్ధతిలో లేదు, చూపులో ఉన్నది.

ఇక రెండో తప్పు. మూలాన్ని మార్చడం ప్రతిసారీ నేరం కాదు. పరిష్కర్త పనే అది. తాళపత్రంలో లేఖకుడు పొరపడిన చోట సవరిస్తాడు. కాని సవరించినట్టు చెప్పాలి. ఉన్న పాఠం కింద ఇవ్వాలి. ఎందుకు మార్చాడో కారణం చూపాలి. చెప్పి మార్చితే అది వాదం. పాఠకుడు ఒప్పుకోవచ్చు, మానవచ్చు. చెప్పకుండా మార్చితే అది మోసం. ఎందుచేతనంటే, అప్పుడు పాఠకునికి ఒప్పుకోకుండా ఉండే అవకాశమే లేదు.

ముద్దుపళని రాధికా సాంత్వనం కథ దీనికి చక్కని నిదర్శనం. తంజావూరు ప్రతాపసింహుని కాలపు ఈ కవయిత్రి కావ్యాన్ని 1887లో పైడిపాటి వెంకటనరసు ప్రచురించారు. తరువాత బెంగుళూరు నాగరత్నమ్మ వ్రాతప్రతి సంపాదించి దానితో పోల్చి చూస్తే, కవయిత్రి తన వంశాన్ని గురించి చెప్పుకున్న అవతారికా, కొన్ని పద్యాలూ అచ్చుప్రతిలో లేవని తేలింది. ఆ కవయిత్రి దేవదాసి. తాను ఎవరో సగర్వంగా చెప్పుకున్న భాగమే ఎగిరిపోయింది. అచ్చుప్రతి మాత్రమే చదివినవానికి ఏదో పోయిందన్న అనుమానం కూడా రాదు. లోపించిన భాగాలతో సహా నాగరత్నమ్మ 1910లో వావిళ్లవారి ద్వారా ప్రకటిస్తే 1911లో ప్రభుత్వం అశ్లీలమని నిషేధించింది. 1947లో ప్రకాశం పంతులు చొరవతోగాని ఆ నిషేధం తొలగలేదు.

ప్రభుత్వం చేసిన నిషేధం అందరికీ కనిపించింది. దానిమీద పోరాడడం సాధ్యమయింది. పరిష్కర్త నిశ్శబ్దంగా చేసిన తొలగింపు ఇరవైమూడేళ్లపాటు నిషేధమని ఎవరికీ తెలియని నిషేధం. రెండింటిలో ఏది ఎక్కువ ప్రమాదకరమో పాఠకులే ఆలోచించాలి. వ్రాతప్రతి ఒకటి మిగిలి ఉండబట్టి, దాన్ని వెతికి చదివే పట్టుదల ఒక దేవదాసీ స్త్రీకి ఉండబట్టి నిజం బయటపడింది. సాధించిన ఆమె విశ్వవిద్యాలయ పరిశోధకురాలు కాదన్నది మనం గుర్తుంచుకోవలసిన విషయం.

దీన్నిబట్టి పరిశోధకుని ప్రథమ బాధ్యత ఏమిటో నాకు స్పష్టమవుతున్నది. సత్యం చెప్పడం అంటే సరిపోదు. తాను చెబుతున్నది సత్యమనే ప్రతి పరిశోధకుడూ నమ్ముతాడు. 'పాలిగింజలు' సత్యమని నేనూ నమ్మాను. తనను తప్పుపట్టగల దారిని ఇతరులకు తెరిచి ఉంచడమే అతని ప్రథమ బాధ్యత. ప్రతి ఎక్కడ ఉన్నది? ఎవరు పాడారు? ఎప్పుడు, ఏ ఊళ్లో? తాను ఏమేమి మార్చాడు, ఏవి వదిలాడు? ఈ గుర్తులు ఉంటే, రేపు తనకంటే తెలివైనవాడు వచ్చి తనను దిద్దుతాడు. లేకపోతే అనుమానాలకే తావు ఉంటుంది. 1909లో మానవల్లి రామకృష్ణకవిగారు నన్నెచోడుని కుమారసంభవాన్ని వెలికి తెచ్చి మహోపకారం చేశారు. అయినా అది కూటసృష్టి అని వాదించినవాళ్లు లేకపోలేదు. ఆ వాదం నిలవలేదని భాషాశాస్త్ర దృష్టితో చూసినవారు చెబుతారు. నేను చెప్పదలచినది, ప్రకటించినవాని మాటను నమ్మడం తప్ప వేరే దారి లేని చోట గొప్ప పండితుని పనికి కూడా శంక తప్పదనే.

ఇప్పుడు మన శిబిరాన్ని గురించి ఒక మాట చెప్పక తప్పదు. నా రెండు పేజీలను మెచ్చుకున్నది ఎవరు? అభ్యుదయవాదులైన మిత్రులే. ఎందుకు మెచ్చుకున్నారు? వాళ్లు వినదలచుకున్నది నేను చెప్పాను గనుక. నేను ఎందుకు రాశాను? ఆ పాటలో వర్గచైతన్యం ఉండాలని నేను ముందే నిశ్చయించుకున్నాను గనుక. ఒక అక్షరం అడ్డు వస్తే అక్షరాన్నే తొలగించాను. సనాతనుడు దేవదాసి పద్యాన్ని తొలగిస్తే దాన్ని దౌర్జన్యమని మనం గుర్తిస్తాం. అభ్యుదయవాది కూలి మాటను దిద్దితే దాన్ని వ్యాఖ్యానం అంటాం. ఇది న్యాయం కాదు.

ఉద్దేశం మంచిదైతే పద్ధతి ఎలా ఉన్నా ఫరవాలేదనుకోవడం ఎంత దూరం తీసుకుపోతుందో చరిత్ర చూపించింది. సోవియట్ దేశంలో లైసెంకో తన జీవశాస్త్ర వాదాన్ని శ్రామికవర్గ విజ్ఞానమని ప్రచారం చేశాడు. దాన్ని ఎదిరించిన వావిలోవ్ 1940లో అరెస్టయి, 1943లో సరాతోవ్ జైలులో చనిపోయాడు. ప్రపంచమంతా తిరిగి ఆహారధాన్యాల విత్తనాలు సేకరించిన మహాశాస్త్రజ్ఞుడు వావిలోవ్. 1948 ఆగస్టులో వ్యవసాయశాస్త్ర అకాడెమీ సమావేశం లైసెంకో వాదానికి అధికారముద్ర వేసింది. ఆ ముద్ర చెరిగిపోవడానికి 1960ల మధ్యకాలం దాకా పట్టింది. గోధుమమొక్క ఎవరి సిద్ధాంతాన్నిబట్టీ పెరగదు. పాటలో మాట కూడా అంతే. నా అపరాధం దానితో పోలిస్తే ధూళికణం. కాని ధాతువు అదే. శ్రామికుల పక్షాన ఉన్నామనుకునేవాళ్లం శ్రామికుల మాటను ఉన్నదున్నట్టుగా వినే శ్రద్ధ ఇతరులకంటే ఎక్కువగా చూపాలి గాని తక్కువగా కాదు. పైగా నేను నష్టపోయిందేమిటో చూడండి: కూలి అడిగే వాటాను గురించి నాకు పుస్తకాల్లో ముందే తెలుసు. భూమి పెట్టేదాన్ని గురించి కేకవేసే మాట ఒకటి ఉన్నదని నాకు తెలియదు. తెలిసినదాన్ని నిలబెట్టుకోవడానికి తెలియనిదాన్ని చెరిపివేశాను. పరిశోధన అనే మాటకు ఇంతకంటే విరుద్ధమైన పని మరొకటి ఉండదు.

దీనికి ఒక ఆక్షేపణ వస్తుంది. 'ఇదంతా తీరుబడి ఉన్నవాళ్ల నీతి. 2009 నాటి నిబంధనలు సిద్ధాంత వ్యాసం సమర్పించకముందే పరిశోధన పత్రం అచ్చు కావాలన్నాయి. 2010లో ప్రతి ప్రచురణకూ ఇన్ని మార్కులని లెక్క కట్టారు. సరైన పత్రికలు ఇవీ అని 2019లో 'కేర్' జాబితా అమలులోకి తెచ్చి 2025లో దాన్నీ ఎత్తివేశారు. డబ్బు కడితే వారంలో అచ్చు వేసే పత్రికలు పుట్టాయి. కాంట్రాక్టు ఉద్యోగంలో ఏడాదికేడాది భవిష్యత్తు తెలియని అధ్యాపకుణ్ని పట్టుకుని నీతి బోధిస్తే ఏం లాభం? తప్పు వ్యవస్థది' అంటారు.

ఇందులో యథార్థం చాలా ఉన్నది. సంఖ్యను అడిగే వ్యవస్థకు సంఖ్యే దొరుకుతుంది. సిద్ధాంత వ్యాసానికి ముందు తప్పనిసరిగా అచ్చు కావాలన్న షరతును 2022లో తీసివేయడం, ఆ ఒత్తిడి మంచి చేయలేదని పైవాళ్లే ఒప్పుకున్నట్టుగా నాకు కనిపిస్తుంది. ఈ వ్యవస్థ మారడానికి అధ్యాపకులు కలిసి పోరాడవలసిందే. కాని వ్యవస్థను నిందించడం ఒక మేరకు మాత్రమే నన్ను కాపాడుతుంది. తొందరగా అచ్చు వేయమని వ్యవస్థ నన్ను ఒత్తిడి చేసింది, నిజమే. పాడిన మనిషి పేరు తీసివేయమని ఏ నిబంధన చెప్పింది? పేరు రాయడానికి ఒక పంక్తి చాలు. సవరించానని చెప్పడానికి మరో పంక్తి చాలు. ఆ రెండు పంక్తులకు తీరుబడి దొరకలేదంటే, నమ్మేవాళ్లుండవచ్చు గాని, నేను మాత్రం నమ్మను. ఆ వ్యాసం నా ఉద్యోగపు దరఖాస్తులో మార్కులు తెచ్చింది. నిద్ర మానుకుని పాడిన మనిషికి ఏమీ తేలేదు. వ్యవస్థ నన్ను పీడించిన మాట ఎంత నిజమో, ఆ పీడనను నేను నాకంటే కిందివాళ్ల మీదికి దించుకున్న మాటా అంతే నిజం.

మరొక ఆక్షేపణ ఇంతకంటే బరువైనది. పేరు రాయడం ఎల్లవేళలా మేలు చేస్తుందా? ఊరి పెద్దను ఎత్తిపొడిచే పాట, కులంపేరు పెట్టి నిలదీసే పాట, మొగుడి దెబ్బలను గురించిన పాట పాడిన స్త్రీ పేరు అచ్చులోకి ఎక్కితే ఆమెకు కష్టం రావచ్చు. పరిశోధకుడు ఊరు విడిచి వెళ్లిపోతాడు. ఆమె అక్కడే ఉండాలి. అప్పుడు పేరు దాచడమే ధర్మం. దీన్ని నేను కాదనను. కాని ఆ నిర్ణయం ఎవరిది? ఆమెది. పేరు దాచడం ఆమెను కాపాడడానికి కావచ్చు, ఆమెను చెరిపివేయడానికీ కావచ్చు. బయటినుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. తేడా ఒక్కటే: అడిగామా, లేదా? నేను అడగలేదు.

అడగడం, పేరు చెప్పడం కూడా కనీస ధర్మాలే. తీసుకున్నదాన్ని తిరిగి ఇవ్వడం అంతకంటే పెద్దది. మన దేశంలో దాన్ని చేసి చూపిన మనిషి గిడుగు రామమూర్తిగారు. ఆయన సవర భాష నేర్చుకుని, ముందు ఏం చేశారు? సవర పిల్లలకు వాళ్ల భాషలో చదువుకునే పుస్తకాలు తయారుచేశారు. సొంత ఖర్చుతో బడి పెట్టి చదువు చెప్పించారు. మద్రాసు ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోతే తీసుకోక, ఆ సొమ్ముతో సవరలకు బడి పెట్టమన్నారని చెబుతారు. పండిత లోకానికి పనికివచ్చే సవర భాషా వివరణ గ్రంథం 1931లో, సవర నిఘంటువు ఆ తరువాత వచ్చాయి. ఈ క్రమం గమనించదగినది. ఎవరి భాషో వాళ్లకు ముందు, పండితులకు తరువాత. మన క్రమం దీనికి తలకిందులు. అసలు రెండో మెట్టు మనకు లేనేలేదు. మనం రాసే పత్రాలు మనం ఎవరిని గురించి రాస్తామో వాళ్లకు ఎన్నటికీ చేరవు. చేరవన్న ధీమాతోనే మనం అలా రాస్తున్నామేమో కూడా ఆలోచించాలి. ఆ అరుగుమీద ఆ కుర్రవాడు చదువుతాడని ముందే తెలిస్తే నేను ఆ దీర్ఘం పెట్టి ఉండేవాణ్నా?

తప్పు తెలిసినప్పుడు దిద్దుకోవడం మాత్రమే మిగిలింది. అది అనుకున్నంత సులభం కాలేదు. ఆ పత్రికకు సవరణ పంపిస్తే, పాత వ్యాసాలకు సవరణలు వేసే పద్ధతి తమకు లేదని జవాబు వచ్చింది. ఇంతలో రెండు సిద్ధాంత వ్యాసాల్లో నా 'పాలిగింజలు' ప్రమాణంగా కనిపించాయి. వాళ్లకు ఉత్తరాలు రాశాను. ఒకరు మార్చుకుంటామన్నారు. మరొకరు, 'మీ పాఠంలోనే అర్థస్ఫూర్తి ఎక్కువగా ఉన్నది, ఉండనివ్వండి' అన్నారు! తప్పు ఎంత దూరం నడిచిందో దిద్దుబాటును కూడా అంత దూరం నడిపించే పూచీ రాసినవానిదే. మన పత్రికలు సవరణకు ఒక పేజీ కేటాయించడం అవమానంగా భావించడం మానుకోవాలి. అధ్యాపకులు తమ పొరపాటు తామే ప్రకటించినందుకు మార్కులు తీసివేయకుండా, వీలైతే ఇచ్చే రోజు రావాలి.

ఆ పాటలను ఇప్పుడు చిన్న పుస్తకంగా వేస్తున్నాను. ఈసారి అచ్చుకు ఇవ్వకముందే ప్రతి పాటనూ పాడినవాళ్లకు చదివి వినిపిస్తున్నాం. చదివేది ఆ మనవడే. ఇంతవరకూ పదిహేడుచోట్ల ఆపించి దిద్దించారు. పన్నెండు పాటలమీద వ్యాసం రాసి పండితుణ్ననుకున్న నాకు అందులో తొమ్మిదిచోట్ల తప్పు ఉన్నదని అనుమానమైనా రాలేదు.

ఈ వ్యాసంలో కూడా ఆమె పేరు లేదేమని పాఠకులు నన్ను నిలదీయవచ్చు. ఈసారి అడిగాను. పుస్తకంలో ప్రతి పాట కింద పేరు వేయమన్నది. ఇంటిపేరు ఎలా రాయాలో మనవడిచేత రాయించి ఇచ్చింది. ఈ వ్యాసం సంగతి చెబితే మాత్రం ఒప్పుకోలేదు. "పాట కాడ నా పేరు రాయి బాబూ. నీ తప్పు కాడ నా పేరెందుకు?" అన్నది.